వాగు దారిలో ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్ళి చేయవలసిన వయస్సు మా అమ్మాయికి ఇంకా రాలేదు గనుక, ముందు మొదటిదే చూద్దామని 2018 వేసవిలో నేనూ మా ఆవిడా బయలుదేరాము. బెజవాడలో అప్పటికి పదిహేనేళ్ళుగా అద్దె ఇళ్ళలో కాపురం. గోడకు మేకు కొట్టాలంటే ఇంటివారి అనుమతి అడిగి అడిగి విసిగిన వారికి, సొంత గోడకు సొంత మేకు కొట్టుకోవాలన్న కోరిక ఎంత బలమైనదో వేరే చెప్పనక్కరలేదు.

ఊరికి ఉత్తరాన ఒక స్థలం చూపించారు. రెండు వందల గజాలు. తూర్పు వాకిలి. ముందు ముప్పై అడుగుల రోడ్డు. ధర, పక్క వీధులతో పోల్చితే, చవక. చవక ఎందుకయిందని అడగాలన్న ఆలోచన సంధులూ సమాసాలూ చెప్పుకు బతికే వాడికి ఎందుకు వస్తుంది? వెంటనే లక్ష రూపాయలు బయానా ఇచ్చి, ఇంటికి వచ్చి మిఠాయి పంచాను.

ఆ తరువాతి ఆదివారం మా మేనమామను వెంటబెట్టుకు వెళ్ళాను. ఆయన ఇరిగేషన్ శాఖలో లష్కరుగా చేసి రిటైరయిన మనిషి. ముప్పై ఏళ్ళు కాలువగట్ల మీద, మురుగుకాలువల షట్టర్ల దగ్గర గడిపినవాడు. తూర్పు వాకిలి గురించి నేను చెబుతూనే ఉన్నాను. ఆయన చూపు మాత్రం స్థలం మూలనున్న తుమ్మచెట్టు మీద ఉంది.

"ఒరే అబ్బాయ్, ఆ కొమ్మల్లో ఏమిట్రా?"

చూశాను. ఎండుగడ్డీ, పుల్లలూ, ప్లాస్టిక్ సంచుల పీలికలూ నా రొమ్మెత్తున కొమ్మలకు చుట్టుకుని ఉన్నాయి.

"గాలికి వచ్చి ఉంటాయి మావయ్యా."

"గాలికొచ్చిన చెత్త కొమ్మకో ఎత్తున ఉంటుందిరా. ఇదంతా ఒకటే ఎత్తు, ఒకటే వైపు. నీళ్ళు తెచ్చి తగిలించిన చెత్త ఇది."

ఆయన చెప్పుకాలితో నేలను గీశాడు. పైన తోలించిన ఎర్ర గ్రావెలు జానెడు మందాన ఉంది. దాని కింద నల్ల బంకమట్టి. మట్టిలో తెల్లగా నత్తగుల్లలు. రోడ్డు వారగా రెండు తూముగొట్టాలు అడ్డంగా వేసి ఉన్నాయి. వాటి నోటి దగ్గర తుంగ మొలిచి, ఎండి ఉంది.

"అది చిన్న మురుగుకాలవండీ బాబాయిగారూ, వేసంగిలో చుక్క కూడా ఉండదు" అన్నాడు స్థలం చూపించే కుర్రవాడు.

"వేసంగిలో ఎందుకుంటుందయ్యా? అది వాగు" అన్నాడు మావయ్య.

ఆ ఒక్క మాటతో నా ఇల్లు కూలిపోయింది.

తెలుగు మాష్టారిని గనుక నాకు మాటల మీద ధ్యాస జాస్తి. వాగు అన్న నామవాచకమూ, వాగు అన్న క్రియా మన భాషలో ఒకే రూపంలో ఉన్నాయి. నాలుగు నెలలు వాగి, ఎనిమిది నెలలు నోరు మూసుకునేది వాగు. మనం స్థలాలు చూడడానికి వెళ్ళేది మాత్రం అది నోరు మూసుకున్న నెలల్లోనే. వానాకాలంలో బురదలో ఎవరు తిరుగుతారు? అందుచేత దాని మాట మనకు వినబడదు. వినబడలేదు గనుక లేదనుకుంటాము.

పోరంబోకు అన్న మాట సంగతీ అంతే. మనం దానిని తిట్టుగా వాడుకుంటాము. రెవిన్యూ దస్తరాలలో అది తిట్టు కాదు. శిస్తు కట్టకుండా, ఒకరికి పట్టా చేయకుండా, ఊరుమ్మడి అవసరానికి విడిచిపెట్టిన నేల అది. వాగు పోరంబోకు, చెరువు పోరంబోకు, డొంక పోరంబోకు అని గ్రామ లెక్కల్లో విడివిడిగా వ్రాసి ఉంటుంది. నీటికి ఇంత చోటు కావాలని ఒప్పుకున్న పూర్వుల వీలునామా అనుకోవచ్చు దానిని. ఎందుకూ పనికిరానివాణ్ణి మనం ఆ పేరుతో పిలవడం మొదలు పెట్టిన తరువాత, ఆ నేలకు మర్యాద ఎక్కడుంటుంది?

ఇక నా కథలో చెప్పడానికి సిగ్గుపడే భాగానికి వస్తాను. బయానా తిరిగి ఇమ్మని అడిగాను. ఇవ్వమన్నారు. "మీ బదులు ఇంకొక పార్టీని తీసుకురండి, మీ లక్షా మీకు ముడుతుంది" అన్నారు. మా కాలేజీలో లెక్కలు చెప్పే మిత్రుడు ఆ రోజుల్లోనే స్థలం కోసం వెతుకుతున్నాడు. ఆయనకు చెప్పాను. వచ్చి చూశాడు, ముచ్చట పడ్డాడు. "ఇంత మంచి స్థలం మీరెందుకు వద్దనుకున్నారు మాష్టారూ?" అని అడిగాడు.

"డబ్బు సర్దుబాటు కాలేదండీ" అన్నాను.

నా లక్ష నాకు వచ్చింది. ఆయన ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి వెళ్ళి, సత్యనారాయణస్వామి ప్రసాదం కూడా తిని వచ్చాను.

ఆ స్థలం పక్కనుంచి పోయేది బుడమేరులో కలిసే చిన్న పాయ. బుడమేరు మైలవరం ప్రాంతపు కొండల్లో పుట్టి, బెజవాడకు ఉత్తరంగా నడిచి, చివరకు కొల్లేటిలో కలుస్తుంది. పేరులోనే ఏరు ఉన్నా, ఏడాదిలో చాలా రోజులు దాని దగ్గర నిలబడితే మురుగుకాలువ కాబోలుననుకుంటాము. వానలు ముదిరితే మాత్రం కొండల మీది నీరంతా ఒక్కసారి దిగుతుంది. బెజవాడ దుఃఖదాయని అని దానికి ఎప్పటినుంచో పేరు. ఆ ఉధృతి తగ్గించడానికే వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, కొంత నీటిని మళ్ళింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజికి ఎగువన కృష్ణలోకి పంపే ఏర్పాటు చేశారు. ఏర్పాటు మంచిదే. కాని కృష్ణ కూడా అప్పుడే పొంగి ఉంటే ఆ నీరు నదిలోకి దిగడానికి దారి సన్నబడిపోతుంది.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో జరిగింది అదే. కుండపోతగా కురిసింది. మళ్ళింపు కాలువ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల 43 వేల క్యూసెక్కులకు చేరింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. బ్యారేజి కట్టినది మొదలు అంత వరద ఎన్నడూ రాలేదు. సింగ్‌నగర్, పాయకాపురం వంటి పేటలలో వీధులు ఏర్లయినాయి. పడవల మీద మనుషులను దింపారు. డ్రోన్లతో, హెలికాప్టర్లతో అన్నం పొట్లాలు అందించారు.

మా లెక్కల మాష్టారి కుటుంబం మూడు రోజులు డాబా మీద ఉన్నది. ఫోనులో ఛార్జింగు అయిపోయేదాకా మాట్లాడుతూనే ఉన్నాను. నాలుగవ రోజున భార్యనూ, తల్లినీ, కూతురినీ తీసుకుని ఆయన మా ఇంటికే వచ్చాడు. చేతిలో ఒక సంచీ ఉంది. అందులో అమ్మాయి సర్టిఫికెట్లు, తడిసి ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. మా ఆవిడ వాటిని ఒక్కొక్కటే విడదీసి ఫాను కింద ఆరబెట్టింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున కాఫీ దగ్గర, ఆరేళ్ళ కిందట చెప్పవలసిన మాట ఆయనకు చెప్పాను.

ఆయన చాలాసేపు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. "మీరప్పుడు చెప్పినా నేను వినేవాణ్ణి కాదేమో. చవకగా వస్తోందన్న సంబరంలో ఉన్నాను" అన్నాడు. కొంచెం ఆగి, "కాని చెప్పవలసింది మాష్టారూ" అన్నాడు.

ఇంతకన్న గట్టిగా నన్నెవరూ మందలించలేదు.

మరుసటి సంక్రాంతి సెలవులలో ఆయనే అడిగాడు, "మా ఇంట్లోకి వచ్చిన నీళ్ళు చివరికి ఎక్కడికి పోతాయో చూద్దాం, వస్తారా?" అని. ఇద్దరం కైకలూరు దగ్గర ఆటపాకకు వెళ్ళాము. కొల్లేటిలో ఉన్న పక్షుల విడిది అది. చెట్లనిండా గూడబాతులు. ముక్కు కింద సంచీ వేలాడే ఆ భారీ పక్షి గూటిలో వాలి నోరు తెరిస్తే, పిల్ల తల మొత్తం తల్లి గొంతులోకి దూర్చి చేపను అందుకుంటుంది. పక్కనే ఎర్రకాళ్ళ కొంగలు. చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చే బాతులు నీటి మీద పరిచినట్లు తేలుతున్నాయి. లెక్కల మాష్టారు పక్షులను లెక్కపెట్టడం మొదలుపెట్టి, రెండు వందల దగ్గర మానుకున్నాడు.

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న మంచినీటి పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏర్లూ, అనేక మురుగుకాలువలూ అందులో దిగుతాయి. సముద్రానికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే. వచ్చే దారులు ఎన్నో, పోయే దారి ఒకటి. కనుక వానాకాలంలో కొల్లేరు ఉబ్బుతుంది, వేసవిలో తగ్గుతుంది. ఉబ్బడానికి చోటుండడమే దాని గొప్పతనం. వరదను తనలో పట్టుకుని, మెల్లమెల్లగా సముద్రానికి వదిలే తొట్టి అది. ఆ పల్లంలో పెరిగే జమ్ము, తుంగ, చేప, నత్తలే పక్షులకు అన్నం.

1999లో ప్రభుత్వం అక్కడ 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రాంసార్ జాబితాకెక్కింది. చిత్తడినేలలను కాపాడుకోవాలని 1971లో ఇరాన్ దేశపు రాంసార్ పట్నంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందపు జాబితా అది. ఇంతలోనే సరస్సు గర్భంలో చేపల చెరువులు లేచాయి. ఒక్కొక్క చెరువుకు నాలుగు వైపులా గట్టు. ఆ గట్లు నీటికి అడ్డుగోడలు. సుప్రీంకోర్టు జోక్యంతో 2006లో గట్లు పేల్చి, తొలగించారు. ఆ పని వల్ల జీవనాధారం పోయిన పేద లంకవాసుల కష్టం కూడా తక్కువది కాదు. అటుతరువాత కొన్నిచోట్ల గట్లు మళ్ళీ లేచాయి.

పడవలో తిరిగి వస్తున్నప్పుడు లెక్కల మాష్టారు అన్నాడు: "ఇక్కడ గట్టు వేసినవాడు నన్ను ఎరగడు. నేను గూడబాతును ఎరగను. ముగ్గురం ఒకే ఏటికి అడ్డంగా కూర్చున్నామండీ. అది మాత్రం పాపం అడ్డు కాదు, నీళ్ళతో పాటు లేస్తుంది."

ఒక్క కొల్లేటి గట్ల వల్లనే బెజవాడ మునిగిందనడం న్యాయం కాదు. వానా, గండ్లూ, నది పొంగూ అన్నీ కలిసి ముంచాయి. అయితే దిగువన నీరు నిలిచే చోటు తరిగితే, ఎగువన ఎక్కిన నీరు త్వరగా దిగదు. పక్షి కోసం విడిచిన పల్లమూ, మనిషి కోసం విడిచిన పల్లమూ వేరు కావు.

కట్టవద్దని ఎవరూ అనరు. ఇళ్ళు కావాలి, రోడ్లు కావాలి, కర్మాగారాలు కావాలి. వచ్చిన చిక్కు ప్లాను గీసే క్రమంలో ఉంది. మనం మొదట భవనం గీసి, తరువాత నీటిని ఎటు తోలాలా అని చూస్తాము. మొదట నీటిని గీయాలి. వాన ఎటునుంచి వస్తుంది, ఎక్కడ నిలుస్తుంది, ఎటు పోతుంది, ఏ చెట్టు మీద ఏ పక్షి ఏ నెలలో గూడు పెడుతుంది, ఇవన్నీ కాగితం మీదికి ఎక్కిన తరువాత మిగిలిన చోటే మన చోటు. తప్పించుకోగలిగితే తప్పుకోవాలి. తప్పనిసరి అయితే నష్టం తగ్గించాలి. పాడైనదానిని బాగుచేయాలి. ఈ వరస తిరగబడితేనే ప్రమాదం.

తిరగబడితే ఏమవుతుందో శ్రీకాకుళం జిల్లా సోంపేట చూపింది. అక్కడ బీల అని పిలుచుకునే పల్లపు చిత్తడినేలలో థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టబూనారు. పొలాలకు నీరూ, పేదలకు చేపా, పక్షులకు తిండీ ఇచ్చే ఆ నేల కాగితాల మీద పనికిరాని భూమి అయింది. 2010 జులై 14న ఆందోళన చేస్తున్న జనం మీద కాల్పులు జరిగి, ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లోనే జాతీయ పర్యావరణ అప్పిలేటు సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. నేలను ముందుగా ఒకసారి సరిగా చూసి ఉంటే, అంతదూరం పోవలసిన పనే లేదు.

సరిగా చేస్తే ఏమవుతుందో చెప్పడానికీ ఉదాహరణ ఉంది. మన హైదరాబాదు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే, ఉత్తరాన మహారాష్ట్రలో పెంచ్ పులుల అడవిని దాటుతుంది. కోర్టుల దాకా వెళ్ళిన వాదాల తరువాత అక్కడ చిన్నవీ పెద్దవీ కలిపి తొమ్మిది చోట్ల రోడ్డును పైకెత్తి, అడుగున జంతువులకు దారి విడిచారు. రాత్రింబగళ్ళు ఫొటోలు తీసే కెమేరాలు పెట్టి చూస్తే, పులులూ, దుప్పులూ, అడవిపందులూ ఆ దారిన నడిచిపోతున్నాయి. పైన లారీలు, కింద పులులు. ఎవరి దారి వారిది.

సొంత ఇల్లు కట్టుకునే మనబోటి వారికి ఇంత పెద్ద లెక్కలు అక్కరలేదు. స్థలం కొనేముందు వానాకాలంలో ఒకసారి వెళ్ళి చూడండి. ఆ చుట్టుపక్కల యాభై ఏళ్ళుగా ఉన్న ముసలివారిని అడగండి. ఆ పేట పేరులో కుంట, చెరువు, మడుగు ఉంటే, ఆ నీరు ఏమయిందని విచారించండి. సర్వే నంబరు గ్రామపటంలో ఎక్కడుందో, దాని పక్కన ఏ పోరంబోకు ఉందో చూడండి. 2012లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన భవన నిర్మాణ నిబంధనల ప్రకారం, 10 హెక్టార్లూ ఆపైనా ఉన్న చెరువుకు నిండు నీటిహద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్న చిన్న చెరువులకూ కుంటలకూ 9 మీటర్లు, 10 మీటర్లకు మించిన వెడల్పు గల వాగుకు 9 మీటర్లు, అంతకు లోపు వాగుకు 2 మీటర్లు విడవాలి. మీ ఊరిలో ఇప్పటి కొలతలు ఏమిటో పురపాలక సంఘంలో అడిగి తెలుసుకోండి. అపార్ట్‌మెంటు కొనేవారు ఇంకొకటి అడగాలి. 2006 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం 20,000 చదరపు మీటర్లూ ఆపైనా కట్టే భవనాలకు ముందుగా పర్యావరణ అనుమతి కావాలి. ఆ కాగితం చూపించమనండి. అడిగితే బిల్డరు చిన్నబుచ్చుకుంటాడేమోనని మొగమాటపడకండి. నా మొగమాటం ఎవరిని ముంచిందో పైన చెప్పాను.

ఈ మధ్య మా కాలేజీలో హాస్టలు కట్టాలని సంకల్పించారు. ఆవరణ వెనుక అర ఎకరం కుంట ఒకటి ఉంది. రెండు నీటికోళ్ళు, ఒక బుడుబుంగల జంట, లకుముకి పిట్టా అందులో కాపురస్థులు. అధ్యాపకుల సమావేశంలో ఇంజనీరు కుర్రవాడు ప్లాను పరిచాడు. చక్కగా ఉంది. కుంట మాత్రం కనిపించలేదు.

నా పక్కన కూర్చున్నవారంతా తలలు ఊపుతున్నారు. నాకు తుమ్మచెట్టు గుర్తుకు వచ్చింది. లేచి నిలబడ్డాను.

"ఇందులో కుంట ఏదయ్యా?"

"అక్కడ ఖాళీ స్థలం అని వేశాము సార్. గ్రావెలు తోలి పూడుస్తాము."

"అది ఖాళీగా లేదు. నీళ్ళున్నాయి. పక్షులున్నాయి. వాన పడితే ఈ ఆవరణ నీరంతా అక్కడికే పోతుంది" అన్నాను. గొంతు వణికింది, దాచడమెందుకు.

ఒకరు దోమలన్నారు, ఇంకొకరు పాములన్నారు. మురుగు వదలకుండా, చేపలు బతికే కుంటలో దోమలు అంతగా పెరగవని జంతుశాస్త్రం మేడమ్ చెప్పారు. అప్పుడు లెక్కల మాష్టారు సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరకు వెళ్ళాడు. అర ఎకరం అంటే 21,780 చదరపు అడుగులు. సగటు లోతు ఆరడుగులు. మొత్తం 1,30,680 ఘనపుటడుగులు. లీటర్లలో చెబితే సుమారు 37 లక్షలు. సుద్ద కింద పెట్టి, "కుంట పూడిస్తే ఈ 37 లక్షల లీటర్లూ ఎవరి గదిలో నిలవాలో, దయచేసి అది కూడా ప్లానులో చూపించండి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన ఇల్లు మునిగిన సంగతి అందరికీ తెలుసు.

నెల రోజుల తరువాత కొత్త ప్లాను వచ్చింది. హాస్టలు మెరక వైపుకు జరిగింది. అందుకు నాలుగు గదులు తగ్గాయి, వాలీబాల్ కోర్టు పోయింది. కుర్రాళ్ళు నా మీద ఇంకా గుర్రుగానే ఉన్నారు. కుంట చుట్టూ తొమ్మిది మీటర్ల పచ్చికా చెట్లూ అలాగే ఉంచుతారు. మట్టిపని వానలకు ముందే ముగించాలనీ, సిమెంటు కడిగిన నీళ్ళు కుంటలోకి వదలరాదనీ, ప్రహరీగోడ అడుగున నీటికీ చిన్న జీవాలకూ కంతలు ఉంచాలనీ ఒప్పందంలో వ్రాయించాము. ప్లాను మీద ఇంజనీరు కుర్రవాడు కుంటనూ, దానిలోకి వచ్చే దారినీ, పోయే దారినీ నీలిరంగుతో అన్నిటికన్న ముందుగా గీశాడు.

సమావేశం అయి బయటికి వస్తూ ఉంటే, లెక్కల మాష్టారు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈసారి చెప్పారండీ" అన్నాడు.